మా రోజుల్లో విమానం దిగేది

మా నేరేడ్‌మెట్‌లో పొద్దున నడకకు వచ్చే పెద్దవాళ్లలో సగం మందికి ఒక కాలు అమెరికాలోనే ఉంటుంది. సఫిల్‌గూడ చెరువు గట్టు మీదో, ఆర్కేపురం వైపో ఓ నాలుగు అడుగులు వేసి చూడండి. షుగరు, బీపీల తర్వాత చెవిన పడే మాట "ఎన్ని గంటలు?" అన్నదే. డాలస్‌కి ఎన్ని గంటలు, షికాగోకి ఎన్ని గంటలు. ఇదివరకు కొడుకు జీతం చెప్పుకుని మురిసేవాళ్లు. ఇప్పుడు కోడలు బుక్ చేసిన విమానం మధ్యలో నేల తాకకుండా ఎంతసేపు ఎగిరిందో చెప్పుకుని మురుస్తున్నారు. "పదహారు గంటలండీ, ఒకటే పట్టు!" అంటాడు ఒకాయన, ఆ విమానాన్ని తనే తోలుకొచ్చినట్టు.

వాయుసేనలో విమానాల కింద దూరి, చేతులకు నూనె పూసుకుని పెన్షను సంపాదించుకున్నవాణ్ణి నేను. ఇవి వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పైనుంచి హకీంపేట వాయుసేన వాళ్ల కిరణ్ శిక్షణ విమానం రొద పెట్టుకుంటూ పోతే ఆ కాసేపయినా వీళ్ల మాటలు వినబడవు గదా అని సంతోషిస్తాను. విమానం కిందికి దిగకుండా ఎంతసేపు ఉంటే అంత గొప్ప అని వీళ్లకి ఎవరు చెప్పారో!

మా రోజుల్లో విమానం దిగేది. దిగాలి కూడా. ఎయిరిండియా 1960 మే 14న బోయింగ్ 707తో బొంబాయి నుంచి న్యూయార్క్‌కు సర్వీసు మొదలుపెట్టినప్పుడు దారిలో లండన్ ఉంది. 1971లో జంబో జెట్లు వచ్చాక కూడా దారిలో మజిలీలు పోలేదు. ఎనభైలలో, తొంభైలలో మనవాళ్లు అమెరికా వెళ్లాలంటే బేగంపేటలో చిన్న విమానం ఎక్కి బొంబాయిలో దిగడం, దేశంలో తిరిగే విమానాల శాంతాక్రజ్ నుంచి పెట్టెలు ఈడ్చుకుంటూ విదేశీ విమానాల సహార్‌కు పోవడం, అక్కడ అర్ధరాత్రి దాకా దోమలతో కాలక్షేపం చేసి జంబో ఎక్కడం, తెల్లారేసరికి లండనో ఫ్రాంక్‌ఫర్టో, అక్కణ్ణుంచి న్యూయార్కు, అది దాటాక ఇంకో చిన్న విమానం. ఇల్లు వదిలిన మూడో రోజుకి కూతురి ఇల్లు.

నరకం కదా అంటాడు మా అబ్బాయి. నీకేం తెలుసురా అంటాను నేను. మా అమ్మాయి పురుడికి వెళ్లినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, ముఖం కడుక్కుని, పంచెకట్టు సవరించుకుని, అద్దాల అవతల మంచు పడుతుంటే చూస్తూ స్టీలు డబ్బా మూత తీసి పెరుగన్నం తిన్నాం. మా ఆవిడ మాగాయ టెంక చీకుతుంటే ఒక జర్మన్ ముసలాయన అదేమిటని సైగ చేసి అడిగాడు. కొద్దిగా ఇచ్చాం. కళ్లనీళ్లు పెట్టుకుని, చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఇంకొంచెం అడిగాడు. ఇప్పుడా భోగం ఏదీ? 2006 తర్వాత చేతిసంచిలో తీసుకెళ్లే ద్రవాలకు వంద మిల్లీలీటర్ల లెక్క పెట్టారు. ఆ లెక్కలో పెరుగూ ద్రవమే. మాగాయ సంగతి ఇక అడగొద్దు.

ఆస్ట్రేలియా వాళ్ల క్వాంటాస్ సంస్థ 1947 డిసెంబరులో సిడ్నీ నుంచి లండన్‌కు కంగారూ దారి అని ఒకటి తెరిచింది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ అన్నీ చూపించి నాలుగు రోజులకు లండన్‌లో దించేది. ఇప్పుడు అదే సంస్థ అదే సిడ్నీ నుంచి అదే లండన్‌కు ఎక్కడా ఆగకుండా ఇరవై గంటల పైచిలుకు ఎగిరే విమానాలు చేయించుకుంటోంది. 2027లో నడుపుతారట. అంతసేపు కూర్చుంటే జనం కర్రల్లా బిగుసుకుపోతారని వాళ్లకూ తెలుసు గనక, ఆ విమానం మధ్యలో లేచి నిలబడి ఒళ్లు విరుచుకోవడానికి ప్రత్యేకంగా ఒక చోటు కేటాయించారు. దానికి ఆరోగ్యం, క్షేమం అని అర్థం వచ్చే గొప్ప పేరొకటి పెట్టారు. మా రోజుల్లో ఒళ్లు విరుచుకునే చోటును కరాచీ అనేవాళ్లు.

ఈ మాట ఫోనులో మా మనవడికి చెబితే వాడు రెండు రోజులు ఆలోచించి నన్ను పట్టుకున్నాడు. "తాతయ్యా, యుద్ధం అప్పుడు అదే క్వాంటాస్ వాళ్లు పెర్త్ నుంచి సిలోన్ దాకా ఆగకుండా ఎగిరారు తెలుసా? 27 గంటల నుంచి 33 గంటలు! రెండుసార్లు సూర్యోదయం చూసేవాళ్లు. నీ రోజుల్లోనే అది." నిజమే, 1943 నుంచి 1945 దాకా కాటలీనా అనే నీటి విమానాల్లో పెర్త్ నుంచి గాలే దగ్గరి కొగ్గల చెరువుకు ఆ సర్వీసు నడిచింది. ప్రయాణికులు మహా అయితే ముగ్గురు. రెండు సూర్యోదయాలు చూసినందుకు ఒక్కొక్కరికీ ఒక పత్రం కూడా ఇచ్చేవారు. ఇప్పటి కొత్త ప్రాజెక్టుకు 'సన్‌రైజ్' అన్న పేరు దాన్నుంచే వచ్చింది. "ఒరేయ్, అప్పటికి నేను పుట్టనే లేదు. పైగా అది యుద్ధం. శత్రువు తరుముతుంటే ఎవడైనా ఆగకుండా పోతాడు. మిమ్మల్ని ఎవరు తరుముతున్నారు?" అన్నాను. వాడు నవ్వాడు. ఫ్రిస్కోలో పుట్టిన పిల్లకాయ, వాడికి ప్రతిదానికీ నవ్వే.

సాగనంపడం గురించి చెప్పకపోతే నా కోపం సగంలో ఆగిపోతుంది. మా ఇంటి నుంచి బేగంపేటకు లాల్‌బజార్, తిరుమలగిరి, కార్ఖానా, పారడైజ్ మీదుగా ఆటోలో అరగంట. ఒక్క మనిషి అమెరికా పోతున్నాడంటే మెటాడోర్ వ్యానుకు సరిపడా జనం తేలేవాళ్లు. పూలదండలు, నిమ్మకాయలు, చెంబుతో నీళ్లు ఎదురు రావడానికి ఒక ముత్తయిదువ, ఏడవడానికి ఇద్దరు మేనత్తలు. విమానం లేచి హుస్సేన్‌సాగర్ వైపు తిరిగి చుక్కయ్యేదాకా ఒక్కరూ కదిలేవారు కాదు. తరవాత అందరికీ హోటల్లో టిఫిను, అది ఆ ఇంటి పెద్ద లెక్క.

2008 మార్చి 23న ఆ ముచ్చట శంషాబాద్‌కు తరలిపోయింది. విమానాశ్రయం బ్రహ్మాండంగా ఉంది, కాదనను. అద్దాలు, చల్లదనం, తళతళలాడే నేల. కానీ మా నేరేడ్‌మెట్ చౌరస్తా నుంచి ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా వెళ్లినా, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కినా, శంషాబాద్ చేరేసరికి మా రోజుల్లో విమానం బొంబాయిలో దిగేది. అక్కడికి మూడు గంటల ముందు రమ్మంటారు. వెళ్తే లోపలికి టికెట్టున్న వాడే. మిగతావాళ్లు గుమ్మం ముందు కారులోంచి పెట్టె దించి, చెయ్యి ఊపేలోగా వెనక కారువాడు హారను కొడతాడు. మేనత్త ఏడవడానికి టైమేదీ? ఆవిడ ఇంట్లోనే కూర్చుని ఫోనులో విమానాన్ని చూస్తోంది. "అన్నయ్యా, మీరు ఇప్పుడే గ్రీన్‌లాండ్ దాటారు" అని మెసేజి పెడుతుంది. నేను ఎక్కడున్నానో నాకంటే ముందు ఆవిడకు తెలుస్తోంది. పూర్వం చేరామని చెప్పడానికి ఫోను రెండుసార్లు మోగించి పెట్టేసేవాళ్లం, బిల్లు పడకుండా. ఆ రెండు మోతల కోసం ఇక్కడ ఇంటిల్లిపాదీ రెండు రాత్రులు మేలుకునేవాళ్లు.

సరే, ఈ ఆగని విమానాల పిచ్చి మనకు ఎప్పుడు పట్టింది? 2007లో ఎయిరిండియా బోయింగ్ 777-200ఎల్‌ఆర్ విమానాలు తెప్పించింది. ఎల్‌ఆర్ అంటే దూరాభారం పోయేదని. వాటికి రాష్ట్రాల పేర్లు పెట్టారు. మొట్టమొదటి దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? ఆంధ్రప్రదేశ్. ఆ ఏడాది ఆగస్టు 1న ముంబయి నుంచి న్యూయార్క్‌కు ఆగకుండా పోయే సర్వీసు మొదలైంది. మా కాలనీలో మిఠాయిలు పంచినవాళ్లున్నారు. అప్పులు పెరిగాక ఆ రకంలో అయిదు విమానాలను అబుదాబి ఎతిహాద్‌కు అమ్మేశారు. 2014లో రాష్ట్రం రెండయ్యే నాటికి ఆంధ్రప్రదేశ్ అనే విమానం అరబ్బుల చేతికి పోయింది. రాష్ట్రం గురించి అన్ని గొడవలు పడ్డాం గానీ దీనికోసం ఒక్కడూ ధర్నా చెయ్యలేదు.

2021 జనవరిలో ఇంకో వైభవం. ఆడపిల్లలే నడిపిన విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు ఎక్కడా ఆగకుండా వచ్చి 11వ తేదీ తెల్లవారుజామున దిగింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకురాలు. ఆ నలుగురిలో పాపగారి తన్మయి అనే కెప్టెన్ కూడా ఉంది. టీవీలో ఆ పిల్లల్ని చూసినప్పుడు నేను గొణగలేదని మా ఆవిడ ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది. ఆ వారంలోనే, 15న, హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేశారు. మన ఊరి నుంచి అమెరికాకు మధ్యలో దిగకుండా పోయిన మొదటి విమానం. వారానికి ఒక్కటే. కార్తీక సోమవారం లాగా దానికోసం జనం ఎదురుచూశారు. అదీ ఎక్కువ కాలం నిలవలేదు.

ఇక 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిరిండియా విమానాలకు దారి చుట్టు తిరుగుడై, తిరుగుడుకు ఇంధనం చాలక, వియన్నాలో దిగి పోసుకోవాల్సి వచ్చింది. సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసే ఆపేశారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నేను రెండో కాఫీ అడిగి తాగాను. ఆగకుండా పోవడం అనేది మన గొప్పతనం ఏమీ కాదు, కింద ఉన్న దేశాలు ఊరుకుంటేనే జరిగేది. ఒక్క పొరుగువాడు తలుపేసుకుంటే మళ్లీ 1960కే వెళ్లాలి.

వృత్తి అభిమానం కొద్దీ ఇంకో సంగతి చెబుతాను. ఈ 777-200ఎల్‌ఆర్ నిండు బరువుతో లేచినప్పుడు సుమారు 347 టన్నులు. అందులో 145 టన్నుల దాకా ఇంధనమే పట్టగలదు. మనమూ మన ఆవకాయా కలిపి అందులో ఎంత? మొదటి నాలుగైదు గంటలు ఆ విమానం మోసేది ముఖ్యంగా చివరి నాలుగైదు గంటలకు కావలసిన ఇంధనాన్ని. ఆ మోతకు మళ్లీ ఇంధనం ఖర్చు. మధ్యలో దిగి పోసుకుంటే ఆ వృథా తగ్గుతుంది, కాకపోతే దిగి లేవడానికి, విమానాశ్రయం అద్దెకు వేరే ఖర్చు. కంపెనీ ఏది చూసుకుంటుందో మీరే ఊహించుకోండి. ఈ రకం విమానమే 2005 నవంబరులో హాంకాంగ్ నుంచి తూర్పు దిక్కుగా లండన్‌కు 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు ఆగకుండా ఎగిరి రికార్డు పెట్టింది. అదీ గొప్పే. మనలాంటివాళ్లని అంతసేపు ఎక్కించకుండా ఉంటే ఇంకా గొప్ప.

ఎక్కించకూడదని తెలిసినవాళ్లూ ఉన్నారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు పదిహేను వేల పైచిలుకు కిలోమీటర్లు, పద్దెనిమిది గంటలకు పైగా ఆగకుండా నడుపుతోంది. దానికోసం ప్రత్యేకంగా చేయించిన ఎయిర్‌బస్ ఎ350లో 161 సీట్లే. 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ అసలు లేదు! పద్దెనిమిది గంటలు ఇరుకు సీటులో మనిషి కూర్చోలేడని విమానం నడిపేవాడే ఒప్పుకున్నట్టు కాదూ ఇది? మరి దుబాయి నుంచి డాలస్‌కు పదహారు గంటలు మనల్ని ఎకానమీలో ఎందుకు కూర్చోబెడుతున్నారయ్యా అంటే, తెలుగువాళ్లు సర్దుకుంటారని.

సర్దుకునే సీటు కూడా చిక్కిపోయింది. బోయింగ్ 777 వచ్చిన కొత్తలో చాలా సంస్థలు వరసకు తొమ్మిది సీట్లు వేసేవి. ఇప్పుడు పది. విమానం ఒళ్లు చెయ్యలేదు, మనం చేశాం, సీటు మాత్రం సన్నబడింది. మా అబ్బాయి పుణ్యమా అని ఒకసారి నాకు నలుగురి వరసలో లోపలి సీటు వచ్చింది. ఇటుపక్క గురక, అటుపక్క లాప్‌టాప్. పైలట్లు నలుగురు ఉంటారు, వంతులవారీగా పడుకోవడానికి వాళ్లకు మంచాలున్నాయి. పరిచారికలకు కూడా ఓ మూల బెర్తులున్నాయి. ముందు వరసల దొరలకు పరుపులున్నాయి. విమానంలో పడక లేనిది టికెట్టు కొనుక్కుని వెనక కూర్చున్నవాడికే.

పైగా చీకటి. బయట మిట్టమధ్యాహ్నం సూర్యుడు మండుతుంటాడు, లోపల కిటికీలు మూయించి పడుకోమంటారు. ఒక్కొక్కడి మొహం ముందు ఒక్కొక్క తెర, చెవుల్లో దూదిలాంటివి. మా రోజుల్లో క్యాబిన్ ముందు ఒకే తెర ఉండేది. ఏ సినిమా వేస్తే అది. అర్థమైనా కాకపోయినా పక్కవాడు నవ్వితే మనమూ నవ్వేవాళ్లం. ఇప్పుడు పదహారు గంటలు పక్కన కూర్చున్నవాడి ఊరు అడిగితే వింతగా చూస్తాడు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. మా రోజుల్లో విమానంలో సిగరెట్లు కాల్చేవాళ్లు. వెనక వరసలు పొగరాయుళ్లవి, ముందు వరసలు మనవి. పొగకు ఆ సంగతి తెలియదు కదా! దిగేసరికి చీర కొంగులన్నీ చుట్ట కంపు. అది పోవడం మంచిదే. ఇంకొకటీ ఉంది. ఉద్యోగంలో ఉండగా చండీగఢ్ నుంచి లేహ్‌కు ఆంటొనోవ్-12లో సామాన్ల మధ్య మూతికి ఆక్సిజన్ తగిలించుకుని వెళ్లినవాణ్ణి. దాని ముందు ఇప్పటి క్యాబిన్ అమ్మ ఒడి. అయినా అది గంట ప్రయాణం, జీతమిచ్చి పంపేవారు.

ఇప్పటి తయారీలు చూస్తుంటే యుద్ధానికి పోతున్నట్టుంటుంది. మాకేముంది, మద్రాసు వెళ్లి వీసా తెచ్చుకోవడమే పెద్ద తయారీ. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం, జెమినీ ఫ్లైఓవర్ పక్కన అమెరికా కాన్సులేట్ ముందు తెల్లవారకముందే వరస. 2008లో బేగంపేటకు అమెరికా కాన్సులేట్ వచ్చింది, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. చిలుకూరు బాలాజీకి మాత్రం పని తగ్గలేదు. వీసా అడగడానికి పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది. నన్నడిగితే దూరాభారం విమానం ఎక్కేవాడికి ఆ నూట ఎనిమిదీ మహత్తరమైన తయారీ, కాళ్లలో రక్తం ఆడుతుంది.

రక్తం సంగతి నవ్వులాట కాదు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఇంచుమించు రెట్టింపవుతుందని 2007లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆరోగ్యవంతుల్లో అది ఆరు వేల మందిలో ఒకరికి జరిగే మాట. కానీ ఒకసారి గడ్డకట్టినవాళ్లకి, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లకి, భారీకాయులకు లెక్క వేరు. మా వీధి డాక్టరుగారు మోకాలి దాకా బిగుతు మేజోళ్లు వేసుకోమన్నారు, గంటకోసారి లేచి నడవమన్నారు, నీళ్లు తాగమన్నారు, నిద్రమాత్ర మింగి చచ్చినట్టు పడి ఉండొద్దన్నారు. లోపలి గాలిలో తేమ ఇరవై శాతానికి లోపే ఉంటుంది. ఒత్తిడి ఆరు వేల నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నట్టే ఉంటుంది. అంటే ఊటీ కొండ మీద, ఎడారి గాలిలో, ఒక కుర్చీలో పదహారు గంటలు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మందు చేతిసంచిలోనే పెట్టుకోవాలి, ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో ముందే అడిగి రాయించుకోవాలి. పడమటికి పోతే రోజు సాగుతుంది, తూర్పుకు వస్తే కుంచించుకుపోతుంది. ఈ లెక్క విమానంలో కూర్చుని వెయ్యబోతే తప్పుతుంది.

పెట్టెల సంగతి సరేసరి. మా రోజుల్లో ఆవకాయ హార్లిక్స్ సీసాలో పోసి, మూతికి గుడ్డ కట్టి, మైదా పిండి మెత్తేవాళ్లం. అయినా కారేది. కారిన నూనె చొక్కాలకు అంటి, ఆ చొక్కా తొడుక్కున్నప్పుడల్లా అల్లుడికి ఇల్లు గుర్తొచ్చేది. ఇప్పుడు ఊరగాయల కొట్టువాడే గాలి పీల్చేసి ప్లాస్టిక్కులో బిగించి ఇస్తాడు. పెట్టె పిడికి తగిలించే తూకం ప్రతి ఇంట్లో ఉంది. 23 కిలోల పెట్టెలు రెండు. అరకిలో ఎక్కువైతే ఏది తీసెయ్యాలో భార్యాభర్తలు తేల్చుకోవాలి. నా పుస్తకాలే బయటకొస్తాయి, అది వేరే విషయం. కరివేపాకు పట్టుకెళ్లకూడదు, అమెరికా వాళ్ల నిమ్మ, నారింజ తోటలకు చీడ తెచ్చే పురుగు దాని మీద ఉంటుందని భయం. బియ్యమూ కూడదు, ఖప్రా అనే పురుగుకు జడిసి. ఎండుకొబ్బరి మరీ విచిత్రం. నూనె ఉన్న సరుకు కాబట్టి దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చని ప్రమాదకరమైన సరుకుల జాబితాలో వేశారు. కొబ్బరి చిప్పకు పేలుడు పదార్థం హోదా వచ్చిన కాలం ఇది.

విమానంలో పెట్టే తిండి మీద మాత్రం నేను తిట్లు తగ్గించాను. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థవాళ్లు పరీక్షలు చేసి, ఆ తక్కువ ఒత్తిడిలో, పొడి గాలిలో నాలుకకు ఉప్పు, తీపి సరిగా ఆనవని తేల్చారట. అంటే వంటవాడి తప్పు కొంతే. పులుపు, కారం దిట్టంగా ఉన్నవి నిలబడతాయని నా అనుభవం. శాకాహారం కావాలంటే టికెట్టుతో పాటే చెప్పుకోవాలి, పైకి ఎక్కాక అడిగితే బ్రెడ్డే. ఒక పొట్లంలో గోంగూర పొడి దగ్గరుంచుకుంటే పదహారు గంటలు మనిషిలా బతకొచ్చు.

చేరాక జెట్‌లాగ్. "మా రోజుల్లో ఈ జబ్బు లేదు, మెల్లగా ఆగుతూ వెళ్లేవాళ్లం కాబట్టి ఒళ్లు అలవాటు పడేది" అని నేను మొన్న కాలనీ మీటింగులో అన్నాను. మా ఆవిడ అందరి ముందూ, "లేకేమండీ? వారం రోజులు పగలంతా గురకపెట్టారు, రాత్రంతా అల్లుడి బీరువా సర్దారు. పేరు తెలియదంతే" అంది. ఆ మీటింగు అంతటితో ముగిసింది. డాలస్‌కూ మనకూ వేసవిలో పదిన్నర గంటల తేడా. రోజుకు గంట చొప్పున ఒళ్లు సర్దుకుంటుందని చెబుతారు. తిరుగు ప్రయాణంలో, అంటే తూర్పుకు వచ్చేటప్పుడు, ఇంకా కష్టం. ఎన్ని యాప్‌లు పెట్టుకున్నా రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, లేచి పేపరు వాడికోసం గేటు దగ్గర నిలబడాలి.

చక్రాల కుర్చీలను చూస్తే నాకు మొదట్లో ఒళ్లు మండేది. మా వీధిలో పొద్దునే షటిల్ ఆడే మనిషి శంషాబాద్ గుమ్మం చేరగానే కుర్చీలో కూలబడి దిగాలుగా మొహం పెడతాడు. వరసలు తప్పుతాయి, సంచి ఎవరో మోస్తారు. నిజంగా నడవలేని వాళ్లకు కుర్చీ అందక నిలబడి ఉండటం నేను చూశాను. ఆ మాటే మా ఎదురింటి పిన్నిగారితో అన్నాను. డెబ్బై ఎనిమిదేళ్లావిడ, మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయి, ఆవిడా కుర్చీ అడుగుతుంది.

"కుర్చీ కాళ్ల కోసం కాదు నాయనా," అంది. "దుబాయిలో గేటు మారితే చెప్పేది ఇంగ్లీషులో. మా అబ్బాయి అట్టముక్క మీద రాసిచ్చాడు, నాకు భాష రాదు, ఈ గేటుకు తీసుకెళ్లండి అని. అది పట్టుకుని అంతమంది మధ్య నిలబడితే తప్పిపోయిన పిల్లలా ఏడుపొచ్చింది. కుర్చీలో కూర్చుంటే తోసే పిల్లవాడు నన్ను గేటు దాకా వదలడు కదా."

మధ్యలో ఆగడంలో ఉన్న సుఖం గురించి ఇంతసేపూ నేను చెప్పిందంతా ఆవిడకూ చెప్పాను. కాళ్లు చాచుకోవచ్చు, ముఖం కడుక్కోవచ్చు, ఎవరైనా తెలుగువాళ్లు తగలొచ్చు. ఆవిడ గ్రీన్‌కార్డు మనిషి. 2021లో ఆ షికాగో విమానం ఉన్నప్పుడు ఒకసారి దాంట్లో వెళ్లింది. ఇక్కడ ఎక్కితే అక్కడ కొడుకు ముందు దించింది. లోపల తెలుగు మాటలే వినబడ్డాయట.

"నాకు కూర్చోవడం వచ్చు నాయనా, ఇంగ్లీషు రాదు. పదహారు కాదు, ఇరవై ఆరు గంటలైనా కూర్చుంటాను. నన్ను మధ్యలో దించకండి" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. వెదికాను కూడా. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మేం పెరుగన్నం తిన్నది ఇద్దరం కాబట్టి, నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వాయుసేన నేర్పింది కాబట్టి. ఒంటరిగా వెళ్లే ఆవిడకు ఆ మజిలీ ఇంకో పరీక్ష. ఆ షికాగో విమానం ఆగిపోయిన వార్తకు నాలాంటివాళ్లు మీసం తిప్పుకుని ఉంటారు, ఆవిడకు మాత్రం దారి మూసుకుపోయింది.

అంచేత అమెరికాలో కూర్చుని మాకు టికెట్లు కొనే పిల్లలకు ఒక మనవి. చవక ఎంతో, గంటలెన్నో మీ తెర మీద కనబడుతుంది. అమ్మ మోకాలు, నాన్న ఇన్సులిన్, వాళ్లకు వచ్చిన భాష ఆ తెర మీద కనబడవు. బటన్ నొక్కే ముందు ఇక్కడికి ఒక్క ఫోను చెయ్యండి. మాలాంటి వాళ్లకైతే మధ్యలో ఒక రాత్రి మజిలీ పెట్టి, నడవ పక్క సీటు తీసుకోండి, దానికి అదనంగా అడిగినా ఇవ్వండి. ఎదురింటి పిన్నిగారి లాంటి వాళ్లకి ఒకే విమానం దొరికితే అదే కొనండి, దొరక్కపోతే ఎవరైనా తెలుగువాళ్లతో జతచేసి పంపండి. డిసెంబరు టికెట్లు ఇప్పటికే పెరిగాయంటున్నారు. చేసేదేదో ఈ వారంలో చెయ్యండి.